దస్త్రాలు ఎవరివి? చదవాల్సింది ఎవరు?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగినప్పుడు నిరుద్యోగం మీదనో, మెస్ చార్జీల మీదనో రాద్దామనుకున్నాం. అవి ఎలాగూ మిగతా మిత్రులు రాస్తారు. ఈ ఏడాది చదువులో మమ్మల్ని వదలకుండా వెంటాడిన విషయం ఒకటుంది. అది పాత ప్రభుత్వ దస్త్రాల సంగతి. వినడానికి చప్పగా ఉంటుంది. అయినా చివరిదాకా చదవమని కోరుతున్నాం.

మేమంటే భిక్నూర్‌లో పీజీ చదువుతున్న వాళ్ళం, మా ఇండ్లలో మొదటిసారి డిగ్రీ పట్టా చూసిన వాళ్ళం. మా తాతలు వేలిముద్రలు వేసిన వాళ్ళు. అలాంటి మాకు ఫ్రాన్సు, అమెరికా దేశాల మధ్య నడిచిన రాయబారాలతో ఏం పని? మేమూ మొదట అట్లాగే అనుకున్నాం.

1778 ఫిబ్రవరి 6న పారిస్‌లో ఫ్రాన్సు, అప్పుడే పుట్టిన అమెరికా ఒప్పందాలు చేసుకున్నాయి. అమెరికా తరఫున బెంజమిన్ ఫ్రాంక్లిన్ సంతకం చేశాడు. దాంతో ఇంగ్లండుకు, ఫ్రాన్సుకు యుద్ధం వచ్చింది. ఆ మంట మన దేశానికీ పాకింది. ఆ ఏడాదే ఇంగ్లీషువాళ్ళు ఫ్రెంచివారి చందర్‌నగర్‌ను, పుదుచ్చేరిని పట్టుకున్నారు. 1779లో మాహే కూడా పోయింది. మాహే రేవు మీద ఆధారపడిన హైదర్ అలీకి అది కంటగింపయింది. 1780లో రెండో మైసూరు యుద్ధం మొదలుకావడానికి అదొక కారణం. ఎక్కడి పారిస్! ఎక్కడి మైసూరు!

ఇరవై ఏండ్లు గడిచాయి. ఫ్రాన్సు, అమెరికాల స్నేహం చెడింది. 1798 జూలైలో అమెరికా ఆ ఒప్పందాలను రద్దు చేసుకుంది. సముద్రం మీద రెండు దేశాల ఓడలూ కొట్టుకున్నాయి. అదే 1798లో మన హైదరాబాదులోనూ ఫ్రెంచివాళ్ళ కథ ముగిసింది. నిజాం దగ్గర ఫ్రెంచి సేనాని రేమండ్ తయారుచేసిన సైన్యం పధ్నాలుగు వేల దాకా ఉండేది. ముసారాంబాగ్ అన్న పేరు ఆయన పేరు మీదనే వచ్చిందంటారు. మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబర్ 1న నిజాం ఇంగ్లీషువాళ్ళతో సంధి చేసుకున్నాడు. అక్టోబర్ 22న ఆ ఫ్రెంచి దళం ఆయుధాలు కింద పెట్టింది. దాని బదులు ఇంగ్లీషు సైన్యం వచ్చింది. ఆ సైన్యం ఖర్చు కిందే 1800లో నిజాం ఇప్పటి రాయలసీమ ప్రాంతాన్ని కంపెనీకి వదులుకున్నాడు. తెలుగువాళ్ళు రెండు ఏలుబడుల కింద చీలిపోవడం వెనుక ఇంత కథ ఉంది.

మన తాతల కాలానికే వద్దాం. 1948 ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. భద్రతా మండలి అప్పుడు పారిస్‌లోనే కూర్చుంది. సెప్టెంబర్ 16న, అంటే ఇక్కడ పోలీసు చర్య నడుస్తుండగానే, హైదరాబాదు విషయాన్ని చర్చకు తీసుకోవాలా వద్దా అని ఓటింగు జరిగింది. ఎనిమిది దేశాలు తీసుకోవాలన్నాయి. అందులో అమెరికా, ఫ్రాన్సు ఉన్నాయి. మూడు దేశాలు తటస్థంగా ఉన్నాయి. మరునాడే నిజాం లొంగిపోయాడు. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు తంతి పంపాడు. అంటే మన జిల్లా రైతు ఎవరి ఏలుబడిలో బతకాలన్న విషయం మీద పారిస్‌లో ఓటు పడింది. ఆ రైతుకు ఆ సంగతి తెలుసా?

మిత్రులారా, ఇవన్నీ మనకు ఎట్లా తెలిశాయి? ఎవరో కాగితాలు దాచారు కాబట్టి, ఇంకెవరో వాటిని చదివారు కాబట్టి. అమెరికా తన విదేశాంగ పత్రాలను 1861 నుండి సంపుటాలుగా అచ్చు వేస్తోంది. ముప్పై ఏండ్లలోగా అచ్చు కావాలని 1991లో చట్టమే చేసుకుంది. మనకూ 1993లో పబ్లిక్ రికార్డుల చట్టం వచ్చింది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అయినా పోలీసు చర్య తర్వాత జరిగిన మారణకాండ మీద 1948లో వేసిన సుందర్‌లాల్ కమిటీ నివేదిక జనానికి అందేసరికి 2013 వచ్చింది. అప్పటికి ఆ ఏడుపులు చూసినవాళ్ళు ఎంతమంది మిగిలారు?

దాచిపెట్టడం ఒక సమస్య. చదవలేకపోవడం రెండో సమస్య. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి పత్రాలున్నాయి, నిజాం దఫ్తర్లున్నాయి. ఎక్కువ భాగం ఫార్సీ, ఉర్దూలలోనే. మన తెలుగు పిల్లలకు అవి గోడ మీద గీతలే.

మాలో ఒకరి ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో ఒక కాగితం దొరికింది. మూడు తరాలుగా పసుపు గుడ్డలో కట్టి ఉంచారు. ఉర్దూలో ఉంది. ఎవరూ చదవలేదు. చివరికి ఊళ్ళో మసీదు దగ్గర కూర్చునే ఒక పెద్దమనిషిని అడిగితే కళ్ళద్దాలు తుడుచుకొని చదివి చెప్పాడు. చెరువు నీరడి పనికి ఇచ్చిన ఇనాం భూమికి శిస్తు కట్టిన రసీదు అది. ఫసలీ 1351. దానికి 590 కలిపితే 1941 అవుతుంది. అందులో మా మిత్రుని ముత్తాత పేరు ఉంది! ఆ పేరు పట్టుకొని ఒక ఆఫీసుకు పోతే, ఆ ఏడాది రికార్డు చెదలు పట్టి పోయిందన్నారు. అప్పుడు అర్థమైంది మాకు. రాజుల సంధిపత్రాలకు నాలుగు దేశాలలో నకళ్ళుంటాయి. నీరడి రసీదుకు పసుపు గుడ్డ ఒక్కటే దిక్కు.

పాత కాగితాలు చదివితే ఉద్యోగం వస్తుందా, గ్రూప్స్‌కు పనికొస్తుందా అని కొందరు మిత్రులు నవ్వుతారు. ఆ ప్రశ్న తప్పని మేం అనం. ఇంటి దగ్గర అమ్మానాన్నలు మన జీతం కోసం ఎదురుచూస్తున్నారు. కానీ ఒక్కటి ఆలోచించండి. అంబేద్కర్ లండన్‌లో, న్యూయార్క్‌లో ఏం చదివారు? సర్కారు లెక్కలు, నివేదికలు, పాత దస్త్రాలు చదివారు. బ్రిటిష్ ప్రభుత్వాన్ని దాని అంకెలతోనే నిలదీసి, రూపాయి సమస్య మీద, రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ మీద పుస్తకాలు రాశారు. దస్త్రం చదవగలిగినవాడిని ఎవరూ మోసం చేయలేరు.

అందుకే మా అభిప్రాయం ఇది. ఆర్కైవ్స్‌లోని ముఖ్యమైన దస్త్రాలను తెలుగులోకి తేవాలి. ఆ పనికి జీతమిచ్చి మనలాంటి పీజీ విద్యార్థులను తీసుకోవాలి. జిల్లాకొక రికార్డు గది ఉండాలి, చెదలు లేని గది. అవి ప్రభుత్వం చేయాల్సినవి. మనం చేయాల్సినదీ ఉంది. హాస్టల్లో మనతో పాటే ఉర్దూ వచ్చిన మిత్రులున్నారు. సాయంత్రం ఒక గంట వాళ్ళ దగ్గర అలీఫ్, బే నేర్చుకుందాం. సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో ట్రంకు పెట్టె తెరిచి చూద్దాం. దొరికిన కాగితానికి ఒక జిరాక్స్ తీసి పెడదాం. పక్కన తాత చెప్పిన మాట కూడా తేదీ వేసి రాసి పెడదాం.

మన పేర్లు ఇన్నాళ్ళు వేరేవాళ్ళు రాశారు, లేదా రాయకుండా వదిలేశారు. ఇకనైనా మనమే చదువుదాం, మనమే రాద్దాం.