దూకే చోటు, ఇంకే చోటు

జలపాతమనగానే మనకు వానాకాలం గుర్తుకొస్తుంది. వర్షాలకు ఉరకడం, ఎండలు ముదిరేసరికి బండమీద తడిచారగా మిగలడం మనమెరిగిన జలపాతాల తీరు. ఉత్తర కాలిఫోర్నియాలోని బర్నీ జలపాతం తీరు వేరు. శాస్తా, లాసెన్ అనే రెండు అగ్నిపర్వతాల నడుమ, పైన్ చెట్ల అడవిలో ఉన్నదిది. ఎత్తు 129 అడుగులే! అయినా రోజుకు సుమారు 10 కోట్ల గ్యాలన్ల నీరు నడివేసవిలోనూ దూకుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో కొంతదూరం ఎగువకు నడిచి చూస్తే వాగు ఎండిపోయి ఉంటుంది. మరి ఇంత నీరు ఎక్కడిది?

రాతి కడుపులోది. ఒకనాడు పారిన లావా చల్లారి బసాల్టు శిలగా మారింది. కొండలమీది మంచు కరిగి ఆ శిల పగుళ్ళలోకి ఇంకుతుంది. నేల లోపలే ప్రయాణించి, జలపాతానికి కాస్త ఎగువన ఊటలై పైకి వస్తుంది. అంచునుండి దూకే రెండు పాయలను అందరూ ఫోటో తీస్తారు. నన్ను కట్టిపడేసినవి మాత్రం వాటికిరువైపులా, నాచుపట్టిన రాతిగోడ సందుల్లోంచి నేరుగా జాలువారే లెక్కలేనన్ని సన్నని ధారలు.

ఇది నేటికీ ఇలా ఉండటం ఉట్టి ప్రకృతి వరమే కాదు. మెక్‌ఆర్థర్ కుటుంబీకులు ఈ చోటును కొని, 1920లలో రాష్ట్రానికి దానమిచ్చారు. అదే దశకంలో దిగువన పిట్ నదికి జలవిద్యుత్తు కోసం ఆనకట్ట కట్టారు. ఈ వాగు చివరికి కలిసేది ఆ జలాశయంలోనే. దాతలకు దండం పెట్టవలసిందే. కానీ పార్కు పేరులో దాతల ఇంటిపేరూ, వలసవచ్చిన బర్నీ పేరూ ఉన్నాయి గాని, అంతకు ముందునుంచీ ఈ నేలను నమ్ముకున్న పిట్ రివర్ ఆదివాసుల పేరు లేదు.

నీటి సంగతి వారికే బాగా తెలుసునని నా అభిప్రాయం. ఇక్కడికి ఉత్తరాన మెడిసిన్ లేక్ అగ్నిపర్వత ప్రాంతంలో భూతాప విద్యుత్ ప్రతిపాదనలను వారు దశాబ్దాలపాటు ఎదిరించారు. అక్కడ ఫోటోకు నిలిచే జలపాతమేదీ లేదు. ఉన్నదల్లా లావా రాయి, దాని అడుగున నీరు. 2025 జనవరిలో ఆ ప్రాంతంలో 2,24,000 ఎకరాలకు పైగా భూమిని శాట్టీట్లా పేరిట జాతీయ స్మారకంగా ప్రకటించారు. నాకది బర్నీ దానం కన్నా ఒక అడుగు ముందున్న పనిగా తోస్తుంది. నీరు దూకే చోటుకు కంచె వేసినంతలో జలపాతం దక్కదు, ఇంకే చోటు కూడా దక్కాలి.

అటు వెళ్ళే మిత్రులకు ఒక మనవి. జలపాతం చూశాక ఎగువకు కూడా నడవండి. ఎండిన ఆ వాగులో కాసేపు నిలబడితే, కాలి కింది రాయి విలువ తెలుస్తుంది.