మందలకు దారి, మాసాయిలకు గెంటివేత

జూలై నుంచి అక్టోబర్ దాకా మారా నది ఒడ్డున సఫారీ జీపులు బారులు తీరి ఉంటాయి. అవతలి గట్టు మీద వేలకొద్దీ వైల్డ్‌బీస్ట్‌లు. ఒకటి నీళ్లలోకి దూకితే మిగతావన్నీ దాని వెంట దూకుతాయి. మొసళ్లు కాచుకుని ఉంటాయి. ఈ వీడియోలు మనలో చాలామందిమి చూశాం. వాటిలో అన్నీ ఉంటాయి, అక్కడ బతికే మనుషులు తప్ప. వాళ్లు ఎందుకు కనిపించరన్నదే మేము అడుగుతున్న ప్రశ్న.

ముందు వలస సంగతి చూద్దాం. టాంజానియాలోని సెరెంగేటి, కెన్యాలోని మాసాయి మారా కలిసిన మైదానాల్లో దాదాపు 13 లక్షల వైల్డ్‌బీస్ట్‌లు, వాటితోపాటు లక్షల్లో జీబ్రాలు, గజెల్ జింకలు వానల వెంట ఏడాది పొడవునా తిరుగుతాయి. జనవరి నుంచి మార్చి దాకా దక్షిణాన, గోరొంగోరో పక్కనున్న పొట్టిగడ్డి మైదానాల్లో ఈనుతాయి. అక్కడ గడ్డి ఎండగానే పడమరకు, ఆ తర్వాత ఉత్తరాన మారా వైపు కదులుతాయి. నవంబర్‌లో వానలు మొదలైతే మళ్లీ దక్షిణానికి. ఈ దారి అంతా గడ్డి, నీరు చూసుకుని నడిచే దారి.

ఆ గడ్డి మీదే మాసాయిల ఆవులు, మేకలు, గొర్రెలు కూడా తరతరాలుగా బతికాయి. సెరెంగేటి అన్న పేరే మాసాయి మాట నుంచి వచ్చింది. ఈనే కాలంలో వైల్డ్‌బీస్ట్ దూడల నుంచి ఒక వైరస్ ఆవులకు సోకుతుంది. సోకిన ఆవు దాదాపు బతకదు. అందుకే పొట్టిగడ్డి మైదానంలో మేత మంచిగా ఉన్న ఆ నెలల్లోనే మాసాయిలు తమ మందలను అక్కడి నుంచి తప్పిస్తారు. అంటే ఏటా మేలైన గడ్డిని అడవి జంతువులకు వదిలిపెట్టి పక్కకు జరుగుతారు. ఏ అధికారీ వచ్చి నేర్పని పద్ధతి ఇది.

ఇంకో సంగతి. 1890లలో రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి తూర్పు ఆఫ్రికాను ఊడ్చేసింది. ఆవులు చచ్చాయి, వైల్డ్‌బీస్ట్‌లు చచ్చాయి, కరువుతో మాసాయిలూ చచ్చారు. 1960ల మొదట్లో కూడా సెరెంగేటిలో వైల్డ్‌బీస్ట్‌లు రెండున్నర లక్షలే. చుట్టుపక్కల పశువులకు టీకాలు వేయడంతో ఆ రోగం అడవిలోనూ ఆగింది. 1970ల చివరికి వాటి సంఖ్య 13 లక్షలకు చేరింది. ఈ రోజు జీపుల్లో కూర్చుని చూస్తున్న మహా వలస వెనుక పశుపాలకుల మందలకు వేసిన టీకా ఉంది. పశువూ అడవి జంతువూ వేర్వేరు లోకాలని చెప్పే కథకు ఈ చరిత్ర అడ్డం వస్తుంది.

అయినా చట్టం ఆ కథనే నమ్మింది. 1951లో బ్రిటిష్ పాలనలో సెరెంగేటి జాతీయ పార్కు ఏర్పడింది. 1958లో మాసాయి పెద్దల చేత ఆ భూమి వదులుకుంటున్నట్టు ఒప్పందం చేయించారు. బదులుగా 1959లో గోరొంగోరో సంరక్షణ ప్రాంతం ఏర్పాటైంది. అక్కడ మనుషులు, పశువులు, అడవి జంతువులు కలిసి ఉండొచ్చన్నది మాట. అదే ఏడాది జర్మన్ జంతుశాస్త్రవేత్త బెర్న్‌హార్డ్ గ్రిమెక్ తీసిన ‘సెరెంగేటి చావకూడదు’ డాక్యుమెంటరీ విడుదలై ఆస్కార్ గెలిచింది. జాతీయ పార్కులో స్థానికులతో సహా ఎవరూ నివసించకూడదన్న ఆయన వాదం ప్రపంచమంతా తిరిగింది.

ఆ మాట ఇప్పుడు ఏమైంది? 2022 జూన్‌లో లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్ల మేత భూమికి భద్రతా బలగాలు హద్దురాళ్లు పాతాయి. అడ్డుపడిన మాసాయిల మీద కాల్పులు జరిగాయి. ఒక పోలీసు కూడా చనిపోయాడు. గాయపడినవాళ్లు, భయపడినవాళ్లు సరిహద్దు దాటి కెన్యాకు పారిపోయారు. అదే లోలియోండోలో 1990ల నుంచి యూఏఈకి చెందిన ఒక కంపెనీకి వేట అనుమతి ఉంది. ఆవు మేస్తే ప్రకృతికి ముప్పు, తుపాకీ పేలితే పర్యాటకం!

గోరొంగోరోలో పద్ధతి వేరు. అక్కడివాళ్లను దాదాపు 600 కిలోమీటర్ల దూరంలోని హందేని జిల్లా మ్సొమేరాకు ‘స్వచ్ఛందంగా’ తరలిస్తున్నామని ప్రభుత్వం అంటోంది. ఇక్కడి వైద్య సేవలకు కోత పెట్టి ప్రజలను వెళ్లిపోయేలా చేస్తున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ 2024లో నమోదు చేసింది. ఆస్పత్రి లేకుండా చేసి తీసుకున్న సంతకాన్ని సమ్మతి అంటారా? ఆ ఏడాది ఆగస్టులో ఇక్కడి వార్డులను, గ్రామాలను ఎన్నికల పటం నుంచే తీసేసే ప్రయత్నం జరిగింది. వేలమంది మాసాయిలు రోడ్డెక్కారు. చివరికి కోర్టు ఆ ఉత్తర్వును ఆపింది.

జనాభా పెరిగింది, పశువులు పెరిగాయి అన్నది ప్రభుత్వ వాదన. పెరిగిన మాట నిజమే. కానీ వలసను నిజంగా తెంపేది ఏమిటో కెన్యాలోని లోయిటా మైదానాలు చెబుతాయి. అక్కడి వైల్డ్‌బీస్ట్‌లు 1970ల చివర్లో లక్షకు పైగా ఉండేవి. ఇప్పుడు ఇరవై వేల దగ్గరికి పడిపోయాయి. ఉమ్మడి భూమిని ముక్కలు చేసి పట్టాలివ్వడం, గోధుమ సాగు, కంచెలు అందుకు పెద్ద కారణాలు. ఉమ్మడిగా మేపుకున్నప్పుడు తెరిచి ఉన్న దారి, అది ప్రైవేటు ఆస్తి అయ్యాక మూసుకుపోయింది.

డబ్బు లెక్క కూడా చూడాలి. 2024 నుంచి జూలై–డిసెంబర్ నెలల్లో మాసాయి మారా రిజర్వులోకి విదేశీ పర్యాటకుడి ప్రవేశ రుసుమే రోజుకు 200 డాలర్లు. లాడ్జి, జీపు, బెలూన్ ఖర్చులు వేరే. ఇంత ధర పలికే దృశ్యంలో మాసాయి మనిషికి గేటు దగ్గర ఎర్ర శాలువాతో నాట్యం చేసే చోటు ఉంది, ఆవును తోలుకెళ్లే చోటు లేదు.

అంటు, మైల అన్న మాటలు మనకు కొత్త కాదు. కొందరు ఉంటేనే ఆ చోటు అపవిత్రమైపోతుందని చెప్పి, ఊరి పొలిమేర అవతల ఉంచిన చరిత్ర మనది. కులం వేరు, వలస పాలన వేరు, రెండింటినీ ఒకటిగా కలపడం మా ఉద్దేశం కాదు. కానీ మనిషి లేకపోతేనే అడవి స్వచ్ఛం అన్న మాటలో ఆ పాత వాసన మాకు తగులుతోంది. ఆ మైల కూడా అందరికీ అంటదు. టికెట్ కొన్నవాడికి అంటదు, అక్కడ పుట్టినవాడికే అంటుతుంది.

ఇది దూరదేశపు గోడు మాత్రమే కాదు. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు రాసిన లేఖలో పులుల కోర్ ప్రాంతాల్లోని 591 గ్రామాలను, 64,801 కుటుంబాలను లెక్కగట్టి, తరలింపునకు గడువులు చెప్పమంది. నల్లమలలో పులి జాడ చెప్పి అడవిని కాపాడే చెంచులే ఆ అడవి నుంచి లేచిపోవాల్సిన వాళ్ల జాబితాలో ఉంటున్నారు. 2025 మే చివర్లో కుమ్రంభీం ఆసిఫాబాద్ జిల్లాలో దాదాపు లక్షన్నర హెక్టార్లను సంరక్షణ ప్రాంతంగా ప్రకటిస్తూ జీవో 49 వచ్చింది. ఆదివాసీలు కదిలాకే జూలైలో దాన్ని నిలిపివేశారు. నిలిపివేతంటే రద్దు కాదు.

పులులూ వైల్డ్‌బీస్ట్‌లూ బతకాలి. అందులో మాకు రెండో మాట లేదు. మన దగ్గర 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. ముందు హక్కులు గుర్తించకుండా, గ్రామసభ తెలిసి, స్వేచ్ఛగా ఒప్పుకోకుండా ఎవరినీ తరలించకూడదని అది చెబుతోంది. గోరొంగోరో మాసాయిలకు 1959 మాట తప్ప అలాంటి చట్టం చేతిలో లేదు. మనకు ఉన్నదాన్ని వాడుకోవాలి. విద్యార్థి మిత్రులు నల్లమలకో ఆసిఫాబాద్‌కో వెళ్లినప్పుడు గ్రామసభ తీర్మానాల పుస్తకం అడిగి చూడండి. తరలింపు మీద అందులో ఏం రాసి ఉందో, ఎవరి సంతకాలున్నాయో, అసలు ఆ సభ జరిగిందో లేదో ఊళ్లోవాళ్లనే అడగండి. ఆ సమాచారమే రేపటి కోర్టులో సాక్ష్యం అవుతుంది.