పళ్లెంలోని ఇనుము, జేబులోని సొమ్ము

ఇటీవల మా మదరసాలో చిన్న తరగతి పిల్లల ముందు ఒక పళ్లెం ఉంచాము. ఇసుక, ఉప్పు, లేత్ దుకాణం నుంచి తెచ్చిన ఇనుపరజను అందులో కలిసి ఉన్నాయి. దేనికది వేరు చేయమన్నాము. పిల్లలు వేళ్లతో ఏరబోయి విసిగిపోయారు. అప్పుడు పాత స్పీకరులోని అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఇచ్చాము. పళ్లెంపై తిప్పగానే ఇనుము కాగితానికి అంటుకొన్నది. అయస్కాంతాన్ని కాగితంలోనుంచి తీయగానే రాలిపోయినది. మిగిలినదానిలో నీరు పోసి కలిపితే ఉప్పు కరిగినది. గుడ్డతో వడకడితే ఇసుక పైన నిలిచినది. ఉప్పునీటిని వెడల్పు పళ్లెంలో ఎండబెట్టగా ఉప్పు తిరిగి తెల్లగా పేరుకొన్నది.

ఇది ఆట మాత్రమే కాదు. కొత్తగూడెం పొరుగున ఉన్న పాల్వంచలో 1980లో స్పాంజ్ ఐరన్ కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించినది. అది 2010లో ఎన్‌ఎండీసీలో విలీనమైనది. ఇనుప ఖనిజాన్ని బొగ్గుతో కలిపి తిరిగే కొలిమిలో వేడి చేస్తారు. ఖనిజం కరగదు, దానిలోని ఆక్సిజన్ మాత్రం తొలగిపోతుంది. కొలిమి నుంచి వచ్చేది ఇనుము, కాలని బొగ్గు, బూడిదల మిశ్రమం. దానిని ముందు చల్లారుస్తారు. ఎందుకనగా వేడి ఇనుము గాలి తగిలితే మరల ఆక్సిజన్‌ను గ్రహిస్తుంది. 770 డిగ్రీలు దాటిన ఇనుమును అయస్కాంతం పట్టలేదు. చల్లారిన తర్వాత అయస్కాంతాలతో ఇనుమును వేరు చేస్తారు.

పాఠం ముగిసే వేళ వెనుక వరుసలోని పిల్లవాడొకడు అడిగాడు: "హజ్రత్, మంచి బియ్యంలో పాడైన బియ్యం కలిపితే అయస్కాంతం పట్టుకొంటుందా?"

తోటివారు నవ్వారు. మేము నవ్వలేదు. బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలిన సంఘటన చెప్పాము. వాన పడినదని వర్తకుడు అన్నాడు. తడిసిన ధాన్యాన్ని జనులకు కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) ప్రశ్నించారు. మోసగించేవాడు మనవాడు కాడని హెచ్చరించారు.

పిల్లలు వెళ్లారు. ఆ ప్రశ్న మాత్రం మమ్ము వదలలేదు. ఒక ఇంటి పిల్లలకు ఖుర్ఆన్ నేర్పుటకు మేము నెల జీతం ముందుగానే తీసుకొని ఉన్నాము. ఆ నెల పదకొండు రోజులు వెళ్లలేదు. ఆ ఇంటివారు అడగలేదు, మేము చెప్పలేదు. ఆ సొమ్ము మా కష్టార్జితంతో కలిసిపోయి ఇంటి ఖర్చులలో కరిగిపోయినది. ఆ రాత్రి కాగితంపై లెక్క వేసుకొన్నాము. మరునాడు ఆ పదకొండు రోజుల సొమ్ము తీసుకొని వారింటికి వెళ్లాము. "ఇంత చిన్న విషయమా, మౌలానా!" అన్నారు వారు. సిగ్గుతోనే వారి చేతిలో ఉంచి వచ్చాము.

తల్లిదండ్రులారా! ఈ సెలవు దినాన మీ పిల్లలతో కలిసి ఆ పళ్లెం పెట్టండి. పిల్లలు ఇనుమును వేరు చేస్తూ ఉండగా, మన రాబడిలో మనది కానిది ఏమైనా కలిసి ఉన్నదేమో మనమూ ఒకసారి లెక్క చూసుకొందాము. ఎవరిదో తెలిసి ఉండగానే తిరిగి ఇవ్వడం సులభం.