చిల్లికుండకు అప్పునీళ్ళు

నగరానికి తాగునీరు చాలడం లేదనగానే మన పాలకులకు మొదట గుర్తొచ్చేది ప్రపంచ బ్యాంకు. అప్పు పుడితే నీళ్ళు పుడతాయన్న ఆ నమ్మకంతోనే నా పేచీ.

కంబోడియా రాజధాని నోమ్ పెన్ సంగతి చూడండి. 1993లో అక్కడ సరఫరా అయిన నీటిలో 72 శాతం లీకుల పాలో, దొంగల పాలో అయ్యేది. దొంగ కనెక్షన్లు అమ్ముకున్నవారిలో నీటి సంస్థ ఉద్యోగులూ ఉన్నారు. ఆ ఏడాది పగ్గాలు చేపట్టిన ఎక్ సోన్ చాన్ ఇంటింటికీ మీటరు పెట్టించారు. ఒక సైన్యాధికారి ఇంటి దగ్గర ఆయనకు తుపాకీ గురిపెట్టారు. అయినా వెనక్కి తగ్గలేదు. పేదలకు కనెక్షను రుసుములో రాయితీ ఇచ్చారు. పెద్దలకు మాత్రం మినహాయింపు ఇవ్వలేదు. 2010 నాటికి వృథా 6 శాతం దరిదాపులకు దిగింది.

ఆ నగరానికీ ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు, జపాన్, ఫ్రాన్స్ డబ్బిచ్చాయి, కాదనను. ఆ డబ్బు లేనిదే కొత్త గొట్టాలు లేవు. కానీ పెద్దింటి మీటరు జోలికి పోలేని చోట ఎన్ని కోట్లు పోసినా చివరికి మిగిలేది వడ్డీయే. దాన్ని కట్టేది బిందెతో వరుసలో నిలబడ్డ మనిషే.

మా వీధి మొదట్లో పగిలిన గొట్టం నెలల తరబడి కారుతూనే ఉంది. ఆ మడుగు దాటుకునే నీళ్ళ ట్యాంకరు మా ఇళ్ళకొస్తుంది. దాన్ని అతికించడానికి ఏ బ్యాంకు సంతకం కావాలి?