మ్యాప్ పెద్దదైతే గేమ్ గొప్పదా?

కొత్త యాక్షన్ అడ్వెంచర్ గేమ్ వస్తోందంటే చాలు, మనలో చాలామంది ముందు అడిగేవి రెండే ప్రశ్నలు. మ్యాప్ ఎంత పెద్దది? గేమ్‌ప్లే ఎన్ని గంటలు? నేనైతే ఈ రెండూ పట్టించుకోను. వారమంతా ఆఫీసులో టికెట్లు క్లోజ్ చేసి, శనివారం కంట్రోలర్ పట్టుకుంటే అక్కడా మ్యాప్ నిండా ఐకాన్లేనా? అది ఆటలా ఉండదు, ఇంకో ఉద్యోగంలా ఉంటుంది.

నా ఫేవరెట్ గేమ్స్ అన్నీ ఒక్క ఐడియాని గట్టిగా పట్టుకున్నవే. 2003లో యూబీసాఫ్ట్ తెచ్చిన 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్' చూడండి. జంప్ మిస్సయి కింద పడితే, బాకులో ఉన్న ఇసుకతో కాలాన్ని కొన్ని సెకన్లు వెనక్కి తిప్పొచ్చు. కానీ ఆ ఇసుక లిమిటెడ్. అందుకే ధైర్యంగా దూకుతాం, అయినా ఒళ్లు దగ్గర పెట్టుకుని దూకుతాం.

ప్లేస్టేషన్ 2లో 2005లో వచ్చిన 'షాడో ఆఫ్ ది కొలోసస్' ఇంకా మొండిది. దారిలో చిల్లర శత్రువులు ఎవరూ ఉండరు. చంపాల్సినవి 16 భారీ ఆకారాలు మాత్రమే. కత్తిని ఎండలోకి ఎత్తితే, ఆ వెలుగే ఎటు వెళ్లాలో చూపిస్తుంది. ఖాళీ మైదానంలో గుర్రం మీద వెళ్తుంటే, 'అసలు ఇవి నాకేం ద్రోహం చేశాయి?' అనే డౌట్ దానంతటదే మొదలవుతుంది.

అలాగని ఓపెన్ వరల్డ్ అంతా వేస్ట్ అనట్లేదు. 2020లో వచ్చిన 'ఘోస్ట్ ఆఫ్ సుషిమా'లో స్క్రీన్ మూలన మినీ మ్యాప్ ఉండదు. గాలి ఎటు వీస్తే అటే మన దారి. ఊగే గడ్డిని చూస్తూ వెళ్లడం ఎంత హాయో! కానీ గుడి కోసం పదోసారి నక్క వెంట పరిగెత్తేటప్పుడు మాత్రం నాకు మళ్లీ చెక్‌లిస్టే గుర్తొచ్చింది.

'అంత డబ్బు పెట్టాక ఎక్కువ గంటలు రావాలి కదా బ్రో' అంటారు. బీటెక్‌లో ఉన్న తమ్ముళ్లకి ఈ లెక్క న్యాయమే. జేబులో డబ్బు తక్కువ, చేతిలో టైమ్ ఎక్కువ. కాకపోతే ఆ గంటల్లో ఏడాది తర్వాత కూడా గుర్తుండేవి ఎన్నో అదీ లెక్కేయండి.

ఈసారి సేల్‌లో విష్‌లిస్ట్ తెరిచినప్పుడు ఒక్కటే అడగండి: 'ఈ గేమ్‌లో నేను కొత్తగా ఏం చేస్తాను?' జవాబు ఒక్క వాక్యంలో వస్తే కొనేయండి. మ్యాప్ సైజ్ మాత్రమే గుర్తొస్తే, ఇంకో సేల్ దాకా ఆగండి.