286 కొట్టిన టీమేనా ఇది? సగం సీజన్‌కే చిక్కుల్లో సన్‌రైజర్స్

ఐపీఎల్ 2025లో సగం ఆట అయ్యేసరికి సన్‌రైజర్స్‌ది ఇదీ పరిస్థితి. 7 మ్యాచ్‌లు, 2 గెలుపులు, 4 పాయింట్లు. 300 ఎప్పుడు కొడతారా అని మొదట్లో ఎదురుచూసిన కంకిపాడు కుర్రాళ్లు అప్పటికే ప్లేఆఫ్స్ లెక్కలు వేసుకున్నారు.

గెలిచిన రెండూ ఉప్పల్‌లోనే. రాజస్థాన్‌పై 286 బాదారు. పంజాబ్ ఇచ్చిన 246 టార్గెట్‌ను ఇంకా 9 బంతులు ఉండగానే ఊదేశారు. ఆ రోజు అభిషేక్ శర్మ 55 బంతుల్లో 141!

పిచ్ కాస్త మొండికేసినా, ఎదుటి బౌలింగ్ పదునుగా ఉన్నా మాత్రం అంతే సంగతులు. విశాఖలో 163కే ఆలౌట్. కోల్‌కతాలో 120. అక్కడ హెడ్, అభిషేక్, ఇషాన్ ముగ్గురిలో ఒక్కరూ 5 పరుగులు దాటలేదు. సొంత ఉప్పల్‌లో గుజరాత్‌పై 152. ఆ మ్యాచ్‌లో 4 వికెట్లు తీసింది ఎవరో తెలుసుగా, మన హైదరాబాదీ సిరాజే.

తొలి మ్యాచ్‌లో సెంచరీ కొట్టిన ఇషాన్, తర్వాతి ఆరింట్లో ఒక్కసారీ 20 దాటలేదు.

పోనీ నిలబడి ఆడదాం అనుకుంటే? ఏప్రిల్ 17న వాంఖడేలో అదీ చూశాం. పోయింది 5 వికెట్లే, స్కోరు మాత్రం 162. ముంబై 4 వికెట్లతో గెలిచేసింది. అంటే బాదుడు కుదరకపోతే ఇంకో ప్లాన్ లేకపోయింది. అసలు సమస్య ఇదే.

అప్పటికి ఇంకా 7 మ్యాచ్‌లు మిగిలాయి. 16 పాయింట్లకు చేరాలంటే ఆరు గెలవాల్సి వచ్చింది. 2024లో 8 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచిన బెంగళూరు, వరసగా ఆరు కొట్టి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. ఏప్రిల్ 23న మళ్లీ ముంబైతోనే మ్యాచ్ పడింది, ఈసారి ఉప్పల్‌లో.