పట్టణోద్ధరణము: పటము గీయవలసిన దెవ్వరు?

మన పట్టణములు బాగుపడవలెనని కోరనివారు నేడు లేరు. మురుగుకాలువలు పొంగరాదనియు, చెరువులు కంపుకొట్టరాదనియు, నడచుటకు దారియు త్రాగుటకు నీరును ఉండవలెననియు ఎల్లరును చెప్పుదురు. ఇందులకై పేటపేటకును సంఘములు వెలసినవి. కాలనీ సంక్షేమ సంఘములు, బస్తీ సంఘములు, స్త్రీల పొదుపు సంఘములు, చెరువుల పరిరక్షణ సమితులు ఎన్నియో కలవు. వీనిలో వాట్సాప్ గ్రూపు లేని సంఘము అరుదు. రోడ్డుమీద గుంట కనబడినచో ఒకరు ఫోటో తీసి పురపాలక సంఘమువారి యాప్‌లో పెట్టుదురు. నాలుగు దినములకు గుంట పూడినచో గ్రూపులో నమస్కారములు, అభినందనలు వెల్లువెత్తును. సంఘము తన ధర్మమును నెరవేర్చినదని అందరును తృప్తిపడుదురు.

ఈ తృప్తియే మన కీడునకు మూలమని నా వాదము.

ఫిర్యాదు చేయుట తప్పు కాదు. కాని యది అర్జీయే కాని పౌరకార్యము కాదు. మన తాతలు కాగితముమీద వ్రాసి కచేరీ గుమాస్తా చేతికిచ్చిన యర్జీనే మనము సెల్‌ఫోను అద్దముమీద వ్రేలితో వ్రాసి పంపుచున్నాము. అడుగువాడు ఒంటరిగానే అడుగుచున్నాడు. ఇచ్చువాడు తనకు తోచినప్పుడే ఇచ్చుచున్నాడు. పైగా ఒక కాలనీవారి ఫిర్యాదు ఎదుటి బస్తీవారి నోటికూటిని పడగొట్టుటయు కలదు. తోపుడుబండ్లను తొలగింపుడని ఉదయము ఫోటో పంపిన చేతులే సాయంకాలము ఆ బండ్లవద్ద కూరలు బేరమాడుచుండుట మనమెరుగని సంగతి కాదు.

క్రొత్త సాధనములు మన సంఘములకు చేయగల మేలు వేరొకటి కలదు. ఏ వాడలో ఎవరున్నారు, ఎంతకాలముగా నున్నారు, వారికి ఏమున్నది, ఏమి కొరవడినది అని అచట నివసించువారే లెక్కించి పటముగా గీయుట; ఆ పటమును పది సంఘములు ఉమ్మడిగా వాడుకొనుట. ఆ పని మనము చేయుటలేదు. మనము చేయనందున మనకు బదులుగా ఇతరులు చేయుచున్నారు. దాని ఫలమెట్లుండునో హైదరాబాదువారు కన్నులార చూచిరి.

2024 సెప్టెంబరు చివర, మూసీ నదీగర్భములో నున్నవని గుర్తించిన యిండ్ల గోడలమీద అధికారులు ఎర్రరంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని వ్రాసిరి. కొన్ని కుటుంబములను ప్రభుత్వము కట్టించిన రెండు పడకగదుల యిండ్లకు తరలించిరి. మిగిలినవారిలో పలువురు, మేము పన్ను కట్టితిమి, కరెంటు బిల్లు కట్టితిమి, మా యొద్ద కాగితములున్నవి, ఇప్పుడు మా యిల్లు నదిలో నున్నదనుట యేమని మొరపెట్టిరి. నదికి హద్దుగా ఏ గీత గీసిరో, తమ యిల్లు ఆ గీతకు ఇవతల నున్నదో అవతల నున్నదో వారిలో ఎందరికి ముందుగా తెలిసెను?

నదికి దారి యుండవలదా యని కొందరు అడుగుదురు. తప్పక యుండవలెను. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలమందిని పొట్టబెట్టుకొన్న నగరమిది. ఆ విపత్తు తరువాతనే మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా గైకొనిరి. 1912లో నగరాభివృద్ధి మండలిని నెలకొల్పిరి. 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును కట్టి ముగించిరి. నదిని విడిచిపెట్టుమని చెప్పునది అవివేకము. నేను ఖండించుచున్నది నదీరక్షణమును కాదు. నది యొడ్డున బ్రతుకు మనుష్యులకు తమ్ము గూర్చిన లెక్క గోడమీద రంగు పడిననాడు గాని తెలియని పద్ధతిని.

ఇందుకు యంత్రమును నిందించి లాభము లేదు. ఆకాశమునుండి ఇండ్లను ఫోటో తీయు డ్రోనులతోనే మన పొరుగు రాష్ట్రమైన ఒడిశాలో వేరొక పని జరిగినది. అచటి ప్రభుత్వము 2017లో పట్టణములలోని బస్తీవాసులకు భూమిపై హక్కు కల్పించు చట్టము చేసెను. 2018లో పని ప్రారంభమైనది. మన తెలుగువారు అనేకులు నివసించు గంజాము జిల్లాయు, పూరీ జిల్లాయు మొట్టమొదట చేపట్టిన వానిలోనివి. డ్రోను పైకప్పులను చూపును. ఒక్క కప్పుక్రింద రెండు కుటుంబములున్నవని గాని, వసారాలో ఒక వితంతువు విడిగా వండుకొనుచున్నదని గాని చూపజాలదు. కావున స్వచ్ఛంద సంస్థలవారును, బస్తీవాసుల సంఘములవారును ఇంటింటికి తిరిగి పటములోని ప్రతి గుర్తునకు ఎదురుగా మనుష్యుని పేరు చేర్చిరి. ఇచ్చిన హక్కుపత్రము వివాహితులకు భార్యాభర్తలిద్దరి పేరను ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. ఆ హక్కు వారసులకు చెందును, అమ్ముటకు వీలులేదు, ఇల్లు కట్టుకొనుటకు అప్పు కావలసినచో కుదువ పెట్టవచ్చును.

ఒడిశాలో సర్వము సవ్యముగా నున్నదని నేననను. కాని యొక భేదమును చదువరులు గమనింపవలెను. అచట హక్కు ముందు నడచినది, డ్రోను దానివెంట నడచినది. ఇచట కొలత ముందు వచ్చినది. హక్కు ఏమగునో యని జనులు దానివెంట పరుగెత్తవలసి వచ్చినది.

బస్తీలోని యక్షరజ్ఞానము లేనివారు పటములు గీయుదురా యని చదువుకొన్నవారు నవ్వవచ్చును. ఈ నవ్వునకు నలుబది యేండ్ల క్రిందటనే బొంబాయి స్త్రీలు సమాధానము చెప్పిరి. 1985 జూలైలో సుప్రీంకోర్టువారు ఆ నగరపు పేవ్‌మెంట్లమీద నివసించువారి వ్యాజ్యములో తీర్పు చెప్పిరి. జీవనోపాధి హక్కు జీవించు హక్కులో చేరినదేయని యొప్పుకొనియు, వారిని తొలగించుటకు పురపాలక సంఘమునకు గల యధికారమును కాదనలేదు. ఆ సంవత్సరమే ‘స్పార్క్’ అను సంస్థవారు ఆ పేవ్‌మెంట్లవారితో కలసి గుడిసె గుడిసెకు తిరిగి జనాభా లెక్క తీసిరి. ఆ నివేదికకు పెట్టిన పేరునకు ‘కనబడని మేము’ అని యర్థము. వీరు నిన్నమొన్న వచ్చిన బికారులు కారనియు, ఆ నగరమున ఏండ్లకొలదిగా పాటుపడుచున్న కూలిజనమనియు ఆ లెక్క తేటపరచెను. ఆ పేవ్‌మెంటు స్త్రీలనుండియే ‘మహిళా మిలన్’ పుట్టినది. నాడు వారి చేత సెల్‌ఫోను లేదు, డ్రోను లేదు. ఉన్నది తమ వాడను తామే లెక్కింపవలెనను పట్టుదల. పద్ధతి ముందు, యంత్రము తరువాత.

ఆ పద్ధతి ఇతర దేశముల బస్తీ సమాఖ్యలతో మనవారికి గలిగిన రాకపోకలవలన ఆఫ్రికాకు చేరినది. కెన్యా రాజధానియైన నైరోబీలో దానికి క్రొత్త సాధనములు తోడైనవి. అచట కిబేరా అను పెద్ద బస్తీ, అంతమంది జనముండియు, 2009 వరకు పటములలో దాదాపు ఖాళీచోటే. ఆ సంవత్సరము అచటి యువతీయువకులు జీపీఎస్ పరికరములు చేతబట్టి సందుసందు తిరిగి, నీటి కుళాయి యెచట, మరుగుదొడ్డి యెచట, బడి యెచట, వైద్యశాల యెచటనని గుర్తించి, ‘ఓపెన్ స్ట్రీట్ మ్యాప్’ అను లోకులందరి యుమ్మడి పటమునకు ఎక్కించిరి.

అదే నగరమున ముకురు అను మరియొక బస్తీసముదాయము కలదు. అచటి బస్తీవాసుల సమాఖ్య యేండ్లకొలది లెక్కలు కూర్చగా, బస్తీలోని పేదలు నీటికిని విద్యుత్తునకును నగరములోని కలవారికన్న హెచ్చు ధర చెల్లించుచున్నారని బయటపడెను. ఈ లెక్కలు పట్టుకొని వారు నగర ప్రభుత్వముతో పోరాడిరి. 2017లో ప్రభుత్వము ముకురును ప్రత్యేక ప్రణాళికా ప్రాంతముగా ప్రకటించెను. విశ్వవిద్యాలయములు, న్యాయవాదులు, ఆరోగ్య సంస్థలు మొదలుగా 40కి పైగా సంస్థలు ప్రణాళికారచనలో వారితో చేరినవి. ఎవరి శాస్త్రము వారిదైనను అందరి యెదుట నున్న పటమొక్కటే. దానికి మూలము బస్తీవాసుల లెక్క. సంఘములు కలసి పనిచేయుట యన నిది. ఒకే గ్రూపులో చేరి ఒకరి సందేశమునకు మరొకరు చేతులు జోడించుట కాదు.

ఈ కథలోని చేదును దాచుట న్యాయము కాదు. 2021లో ఆ ముకురులోనే ఒక రహదారికొరకై ఇండ్లు కూల్చగా వేలమంది నిరాశ్రయులైరి. పటము కోటగోడ కాదు. దానివెనుక జనబలమును, దానిని మన్నించు చట్టమును లేనిచో ఎంత చక్కని పటమైనను బుల్‌డోజరును ఆపజాలదు. అయినను పటము లేనివాడు అన్యాయము జరిగిన మరునాడు అచట తన యిల్లుండెనని సైతము రుజువు చేయలేడు.

ఇక మనలోని పెద్దమనుష్యుల వాదము. వారు ఆక్రమణదారులు, వారికి పటమేల, లెక్కయేల అందురు. అయ్యా, 2020 అక్టోబరు వానలకు హైదరాబాదులో మునిగినవి బస్తీలేనా? చెరువుల శిఖము భూములలో ప్లాట్లు వేసి అమ్మిన కాలనీలును నడుములోతు నీట నిలిచినవి. ఆక్రమణమునకు గుడిసె, మేడ అను భేదము లేదు. శిక్షకు మాత్రము ఏల యుండవలెను? మన యిండ్లలో అంట్లు తోమునామె, మన వీధులు ఊడ్చునామె, మన మేడలకు ఇటుకలు మోసినవాడు ఈ నగరమున ఎచట నుండవలెనో మన నగర ప్రణాళికలలో చోటు చూపితిమా? చూపనివారము వారిని ఆక్రమణదారులనుటకు ఏ నోటితో సాహసింతుము?

మరియొక యభ్యంతరము కలదు, అది న్యాయమైనది. బస్తీవాసుల పేర్లు, ఇండ్లు, వివరములు పటములోనికెక్కినచో, కూల్చువారికే అది దారిచూపు దీపము కాదా? నిజమే, కాగలదు. అందువలననే లెక్క యెవరు తీసిరనుటతో పాటు, అది ఎవరి చేతిలో నుండుననుట ముఖ్యము. కుళాయిలు, కాలువలు, దారులు, బడులు అందరు చూచు పటములో నుండవలెను. కుటుంబముల పేర్లు, ఫోను నంబర్లు, కాగితముల నకళ్ళు వాడ సంఘము వశముననే యుండి, ఆ కుటుంబము సమ్మతించిననాడే ఇతరులకు పోవలెను. ఉచితముగా యాప్ చేసియిత్తుమని వచ్చినవారికి ఊరి గుట్టంతయు అప్పగించుట ఔదార్యము కాదు, అజాగ్రత్త.

మన సంఘముల దోషము సాధనములు లేకపోవుట కాదు. ఒకదాని ముఖము మరొకటి చూడకపోవుట. నాలా కాలనీ గోడను చూచి ఆగదు. ఎగువనున్న కాలనీలో దానిపై పలకలు పరచి కారుషెడ్డు కట్టినచో దిగువనున్న బస్తీలో నీరు చొచ్చును. కాలనీ సంఘము తన వీధుల ఫోటోలు తన గ్రూపులో పెట్టుకొనును. బస్తీ సంఘము మునిగిన తన గుడిసెల ఫోటోలు తన గ్రూపులో పెట్టుకొనును. చెరువుల సమితి చచ్చిన చేపల ఫోటోలు వేరొకచోట పెట్టుకొనును. ఆ నాలా ఒక్కటేయని ఈ మూడు సంఘములును ఒకచోట కూర్చుండి ఒక పటముమీద వ్రేలుపెట్టి చూచుకొన్న దినమున గాని ఆ నీరు తగ్గదు.

రాజ్యాంగపు 74వ సవరణము 1992లో జరిగినది. 1993లో అమలులోనికి వచ్చినది. మూడు లక్షలు గాని అంతకు మించి గాని జనాభాగల పురపాలక సంఘములలో వార్డు కమిటీలుండవలెనని అందు వ్రాసియున్నది. మా వార్డు కమిటీ యెచట కూడుచున్నది, ఎప్పుడు కూడుచున్నదని మన సంఘములలో ఎన్ని యడిగినవి? గుంటను గూర్చి నూరు ఫోటోలు పంపిన మనము ఈ యొక్క ప్రశ్న పంపితిమా? వార్డులోని సంఘములన్నియు కలసి గీసిన పటము ఆ కమిటీ బల్లమీద పరచినచో, అది అర్జీ కాక ప్రణాళిక యగును.

సోదరీమణులారా, ఈ పని మీది. ఏ సందులో నీళ్ళు ఎన్నిగంటలకు వచ్చునో, ఏ కుళాయివద్ద బిందెల వరుస ఎంత పొడవో, ఏ దారిలో దీపము లేక ఆడపిల్ల రాత్రి నడువలేదో మీకు తెలిసినట్లు ఇంజనీరునకు తెలియదు. కాని ఫోను పురుషుని జేబులోను, సంఘపు కుర్చీ పురుషుని క్రిందను ఉన్నంతకాలము మీ జ్ఞానము పటమునకు ఎక్కదు. మీ కాలనీ స్త్రీలు నలుగురు, మీ యింట పనిచేయునామె వాడలోని స్త్రీలు నలుగురు, ఒక ఆదివారము కలసి ఒక్క నాలా వెంబడి నడువుడు. చూచినదెల్ల ఫోనులో గుర్తింపుడు. ఆ పటమును తెలుగులో పెద్దయక్షరములతో అచ్చువేసి రెండు వాడల గోడలమీదను అంటింపుడు. తప్పున్నదన్నవారి మాట విని దిద్దుడు. అటుపిమ్మట పురపాలక సంఘమునకు పొండు.

సర్వేవారు రేపు వత్తురు, రాకమానరు. వారు వచ్చిననాడు మన గోడమీద ఇతరులు వ్రాసిన యెర్ర గుర్తు ముందుగా నుండవలెనో, మనము గీసిన పటము ముందుగా నుండవలెనో మనమే తేల్చుకొనవలసియున్నది.